టార్ పెట్టుకున్న కొడుకు, బెంగ పెట్టుకున్న తండ్రి

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అబ్బాయి విజయవాడ దగ్గర సీఎస్‌ఈ రెండో సంవత్సరం, రోజూ ఇంటి నుంచే కాలేజీకి వెళ్లొస్తాడు. మొన్న ఇంట్లో కంప్యూటర్‌లో లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ తెరుద్దామని కూర్చుంటే ఊదా రంగు ఉల్లిపాయ బొమ్మ ఒకటి కనిపించింది. అడిగితే ‘టార్ బ్రౌజర్ నాన్నా, మనమెవరో తెలియకుండా నెట్ చూడొచ్చు’ అన్నాడు. మా గుమాస్తా అయితే అది డార్క్ వెబ్ అనీ, పోలీసులు ఇంటికొస్తారనీ భయపెట్టాడు. తీసేయించమంటారా? రేపు ఉద్యోగానికీ, పాస్‌పోర్టుకీ అడ్డమొస్తుందా? అసలు దీన్లో ఉద్యోగాలున్నాయా? ఇంకోటి, కంప్యూటర్‌ని హాల్లోంచి తన గదిలోకి మార్చమంటున్నాడు. మార్చాలా?

జవాబు: ముందు మీ గుమాస్తా సంగతి తేల్చేద్దాం. టార్ వాడటం నేరమని చెప్పే చట్టం మన దేశంలో లేదు. దాంతో చేసిన పని నేరమైతే, అదే పని మామూలు క్రోమ్‌లో చేసినా నేరమే. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో కేసులేమైనా ఉన్నాయా అని చూస్తారు. కంపెనీల వాళ్లు సర్టిఫికెట్లు, పాత ఉద్యోగాలు, కేసులు చూస్తారు. మీ డెస్క్‌టాప్ మీద ఉల్లిపాయ ఉందా, వెల్లుల్లి ఉందా అని ఎవరూ అడగరు.

ఇది పుట్టిందెక్కడో తెలిస్తే సగం బెంగ తీరుతుంది. 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో ఈ ఆలోచన మొదలైంది. 2002లో నెట్‌వర్క్ నడక మొదలుపెట్టింది. 2006 నుంచి టార్ ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని చూసుకుంటోంది. జర్నలిస్టులు వాడతారు, నెట్ మీద ఆంక్షలున్న దేశాల జనం వాడతారు. బీబీసీ వార్తలకి 2019 నుంచి టార్‌లో సొంత చిరునామా ఉంది. మీ గుమాస్తా అన్న డార్క్ వెబ్ అంటే టార్ లాంటివాటితోనే తెరుచుకునే సైట్లు. అక్కడ దొంగసరుకు అమ్మేవాళ్లూ ఉన్నారు, కాదనను. హైవే మీద దొంగల కారూ పోతుంది, అంబులెన్సూ పోతుంది.

ఎలా పనిచేస్తుందో మీ యార్డు లెక్కలోనే చెబుతాను. ఒక టిక్కీ, అంటే మిర్చి బస్తా, మూడు చేతులు మారి చేరాల్సిన చోటికి చేరిందనుకోండి. మొదటివాడికి రైతు ఎవరో తెలుసు, సరుకు చివరికి ఏ ఊరు పోతుందో తెలియదు. నడిమివాడికి తన వెనకవాడూ ముందువాడూ తప్ప ఇంకేం తెలియదు. మూడోవాడికి ఎక్కడ దించాలో తెలుసు, ఏ రైతు సరుకో తెలియదు. టిక్కీ మీద మూడు గోతాలు, మూడు తాళాలు, ఎవరి తాళం వాళ్లే తీయగలరు. ఉల్లిపాయ పొరలంటే అవే. ఆ ముగ్గురూ ప్రపంచమంతటా వాలంటీర్లు నడిపే కొన్ని వేల కంప్యూటర్లలో మూడు, వాటిని రిలేలంటారు. మూడోవాడు ఆఖరి గోతం విప్పుతాడు కాబట్టి, లోపల సరుకు విడిగా ఉంటే చూసేయగలడు. అందుకే టార్‌లో ఉన్నా సైటు అడ్రసు హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవ్వాలి, అది ఉంటే సరుక్కి సైటు మాత్రమే తీయగల ఇంకో తాళం పడుతుంది. ఇక మీ ఇంటికి నెట్ ఇచ్చే కంపెనీకి మీవాడు టార్ వాడుతున్నట్టు తెలుస్తుంది, దాంతో ఏ సైటు చూస్తున్నాడో తెలియదు.

తీసేయించకండి. మీరు తీసేస్తే రాత్రికి మళ్లీ పెట్టుకుంటాడు, ఈసారి మీకు చెప్పడు. హిస్టరీ చూసి పట్టుకుందామన్నా కుదరదు, బ్రౌజర్ మూయగానే అది చెరిగిపోతుంది. దానికంటే ఆదివారం పక్కన కుర్చీ వేసుకుని ‘మొదటి నుంచీ మళ్లీ పెట్టు, చూస్తాను’ అనండి. కంప్యూటర్ మీకు తెలియకపోయినా ఫర్వాలేదు, రెండే విషయాలు గమనించండి.

ఒకటి, ఎక్కడి నుంచి దించుతున్నాడు? టార్ ప్రాజెక్ట్ సొంత సైటు నుంచే దించాలి. యూట్యూబ్ వీడియో కింద లింకు, టెలిగ్రామ్‌లో ఎవరో పంపిన ఫైలు వద్దే వద్దు. 2022లో యాంటీవైరస్ సంస్థ కాస్పర్‌స్కీ పరిశోధకులు ఒక చైనీస్ యూట్యూబ్ చానల్ ద్వారా పంచుతున్న నకిలీ టార్ బ్రౌజర్‌ని బయటపెట్టారు. చూసిన సైట్లూ, నింపిన ఫారాలూ దాచిపెట్టుకునేలా దాన్ని మార్చారు. ఎవరికీ తెలియకూడదని పెట్టుకున్న సాఫ్ట్‌వేరే చాడీలు చెప్పిందన్నమాట.

రెండు, దించిన ఫైలు అసలుదో కాదో సరిచూస్తున్నాడా? ఆ సైటులో ఇన్‌స్టాలర్‌తోపాటు సిగ్నేచర్ అనే చిన్న ఫైలు ఉంటుంది. జీపీజీ అనే ఉచిత ప్రోగ్రాంలో టార్ డెవలపర్ల తాళంచెవిని చేర్చి, నల్ల విండోలో ఒక కమాండ్ కొడితే ‘గుడ్ సిగ్నేచర్’ అని రావాలి. కింద ఈ తాళంచెవిని మీరు నమ్ముతున్నట్టు రుజువు లేదని ఇంకో హెచ్చరిక కూడా రావచ్చు. అది చూసి కంగారు పడతాడా, ఎందుకొచ్చిందో మీకు విడమరచి చెబుతాడా? చెప్పగలిగితే మీవాడికి ఈ కంప్యూటర్ సెక్యూరిటీ రంగం మీద ఇష్టం నిజంగానే ఉంది. నేనైతే మార్కుల మెమో కంటే దీన్నే ముందు చూస్తాను.

ఆ కంప్యూటర్‌లోనే మీ టాలీ, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు పనులు ఉన్నాయి కాబట్టి ఈ పని ఇవాళే చేయించండి: విండోస్‌లో వాడికి వేరే యూజర్ అకౌంట్, అడ్మిన్ అధికారాలు లేకుండా. మీ దానికి వేరే పాస్‌వర్డ్. మీ ఫైళ్ల బ్యాకప్ ఒక పెన్‌డ్రైవ్‌లో తీసి షాపు బీరువాలో పెట్టండి. బ్యాంకు, జీఎస్టీ పోర్టల్ టార్‌లోంచి తెరవొద్దు. సొంత పేరుతో లాగిన్ అయ్యాక అజ్ఞాతం అనే మాటకి అర్థం ఉండదు, పైగా ఏదో విదేశం నుంచి లాగిన్ అవుతున్నట్టు కనిపించి అకౌంట్ లాక్ కావచ్చు. టొరెంట్లు కూడా టార్‌లో వద్దు, మీ నెట్ కనెక్షన్‌ని పట్టించే అసలు ఐపీ అడ్రసు బయటపడిపోవచ్చు.

టార్ ఎందుకులే, ఫ్రీ వీపీఎన్ పెట్టుకుంటానంటే నేనైతే ఒప్పుకోను. వీపీఎన్ అంటే మన నెట్‌ని ఒక కంపెనీ సర్వర్ మీదుగా పంపే సేవ. అక్కడ మూడు చేతులుండవు, ఒక్కడి చేతిలోనే రైతు పేరూ, ఊరి పేరూ రెండూ ఉంటాయి. పైగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల వివరాలు ఐదేళ్లు దాచాలి. అది ఒప్పుకోలేక కొన్ని పెద్ద కంపెనీలు మన దేశంలోని సర్వర్లు ఎత్తేశాయి.

ఇక నాకు నిజంగా భయమున్న చోటు వేరే. ఉత్సాహమున్న పిల్లలు కొన్నాళ్లకి ‘మనమూ రిలే నడిపి సాయం చేద్దాం’ అంటారు. మంచిదే, కానీ చివరి రిలే, అంటే ఎగ్జిట్ రిలే, ఇంటి కనెక్షన్ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ నడపకూడదు. ముక్కూమొహం తెలియనివాళ్ల సరుకంతా మీ ఇంటి చిరునామాతో బయటికి పోతుంది. ఎవడో చేసిన పాపానికి పోలీసులు తలుపు తట్టేది మీ ఇంటిదే. ఇంటి నుంచి ఎగ్జిట్ నడపొద్దని టార్ ప్రాజెక్టే చెబుతుంది. మీ గుమాస్తా భయంలో పనికొచ్చే ముక్క ఇదొక్కటే. సాయం చేయాలన్న కోరిక ఉంటే, ఆంక్షలున్న దేశాలవాళ్లని టార్‌లోకి చేర్చడానికి బ్రౌజర్‌కి తగిలించే స్నోఫ్లేక్ అనే చిన్న ఎక్స్‌టెన్షన్ ఉంది, దాంతో సరిపెట్టుకోమనండి.

కాలేజీ ల్యాబ్‌లోనూ, కాలేజీ వైఫై మీదా టార్ వద్దని గట్టిగా చెప్పండి. కాలేజీ నిబంధనలు ఒక కారణం. 2013 డిసెంబరులో అమెరికాలోని హార్వర్డ్‌లో జరిగింది ఇంకో కారణం. పరీక్ష తప్పించుకోవడానికి ఒక విద్యార్థి టార్‌లోంచి బాంబు బెదిరింపు మెయిల్ పంపాడు. టార్‌ని ఎవరూ ఛేదించలేదు. ఆ సమయంలో క్యాంపస్ వైఫై మీద టార్ వాడిందెవరని నెట్‌వర్క్‌లో నమోదయ్యే లాగ్‌లు చూశారు, వెళ్లి అడిగారు, ఒప్పుకున్నాడు. ఈ కథ మీవాడికి మీరే చెప్పండి, టెక్నాలజీ ఎక్కడ ఆగిపోతుందో పుస్తకం కంటే బాగా అర్థమవుతుంది.

ఉద్యోగాల సంగతి. టార్ ఇన్‌స్టాల్ చేయడం వచ్చని రెజ్యూమేలో రాస్తే నవ్వుతారు. అదెలా పనిచేస్తుందో చూపించగలిగితే మాత్రం కూర్చోబెట్టి మాట్లాడతారు. వైర్‌షార్క్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నెట్ తీగలో పోయేదాన్ని చూపిస్తుంది. ముందు మామూలు బ్రౌజర్‌లో నాలుగు సైట్లు తెరిచి, వాటి పేర్లు వైర్‌షార్క్‌లో ఎక్కడెక్కడ కనిపిస్తున్నాయో రాసుకోమనండి. తర్వాత అవే సైట్లు టార్‌లో తెరిచి చూడమనండి. ఆ పేర్లేవీ ఉండవు, మొదటి రిలే అడ్రసుతో జరిగే మూటల మార్పిడి తప్ప. మన ఇంటి నెట్‌వర్క్ మీదే చేయాలి సుమా, పక్కింటివాళ్లదో హాస్టల్‌దో కాదు. ఆ తేడా నాలుగు పేజీల్లో స్క్రీన్‌షాట్లతో రాస్తే, రెండో సంవత్సరం కుర్రాడికి అంతకంటే మంచి మినీ ప్రాజెక్టు నాకు తోచదు. టార్ రూపకర్తలు 2004లో యూసెనిక్స్ సెక్యూరిటీ సదస్సులో సమర్పించిన పేపరు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అర్థమైనంత చదవమనండి.

మూడో సంవత్సరం అయ్యేలోపు కంప్యూటర్ నెట్‌వర్క్స్, లైనక్స్, పైథాన్ గట్టిపడాలి. ఓవర్‌దవైర్ సైటులో సెక్యూరిటీ చిక్కుముడులు విప్పించే బాండిట్ అనే ఆట, అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు నడిపే అలాంటిదే పికోసీటీఎఫ్ రెండూ ఉచితమే. అవి ముట్టుకోకుండా ‘ఎథికల్ హ్యాకింగ్, నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్’ అని బోర్డు పెట్టినవాళ్లకి ఫీజు కట్టకండి. బీటెక్ అయ్యాక, కంపెనీల నెట్‌వర్క్‌ల మీద దాడుల్ని కనిపెట్టే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్లలో అనలిస్టుగా మొదలవ్వచ్చు, నైట్ షిఫ్టులుంటాయని ఇంట్లో ముందే చెప్పండి. చదువుకుంటానంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్‌లో సెక్యూరిటీ పీజీ డిప్లొమా, గేట్ రాసి ఎంటెక్, గాంధీనగర్ నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉన్నాయి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టంతో కంపెనీలకి ప్రైవసీ తెలిసినవాళ్ల అవసరం కూడా వచ్చింది. కోడ్ రాయడం బాగా వస్తే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ చూడమనండి. టార్ ప్రాజెక్ట్ అందులో చాలా ఏళ్లు పాల్గొంది.

చివరగా కంప్యూటర్ గదిలోకి మార్చే సంగతి. ఇప్పుడే వద్దండీ. ‘టాలీ నేనూ వాడుతున్నాను కదరా’ అనండి, అబద్ధం కూడా కాదు. ఆ వైర్‌షార్క్ ప్రాజెక్టు పూర్తిచేసి మీకూ వాళ్లమ్మకీ కూర్చోబెట్టి చూపించిన రోజున, పాతదో కొత్తదో ఒక ల్యాప్‌టాప్ కొనివ్వండి, గదిలో పెట్టుకుంటాడు.