వేలికి పెట్టిన క్లిప్పుకు మూడుసార్లు బిల్లా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అద్దె ఇంట్లో ఉంటాం. జనవరిలో ఒక రాత్రి గ్యాస్ ఫర్నేస్ పాడై కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. నాకూ, గుంటూరు నుంచి వచ్చిన అమ్మకూ తలనొప్పి, వాంతులు. ఎమర్జెన్సీలో వేలికి క్లిప్పులాంటిది పెట్టి చూశారు, తర్వాత రక్తం కూడా తీశారు. ఇప్పుడు ఆ రెండింటికీ విడివిడిగా బిల్లు వేశారు. ఒకే పరీక్షకు రెండుసార్లు వసూలు చేస్తున్నారా? నాది డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మనమే కట్టుకోవాల్సిన మొత్తం) ఎక్కువగా ఉన్న ప్లాన్, హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) 2,600 డాలర్లున్నాయి. అమ్మది విజిటర్ ఇన్సూరెన్స్. ఈ టెన్షన్ పడలేక రెండు బిల్లులూ హెచ్‌ఎస్‌ఏ నుంచే కట్టేద్దామనుకుంటున్నాను. సరేనా?

జవాబు: ముందుగా, ఆ అలారం పనిచేసి మీరంతా క్షేమంగా బయటపడ్డారు. అది చదివాక నా మనసు కుదుటపడింది. ఇక డబ్బు సంగతి. ఇప్పుడే కట్టకండి. అమ్మగారి బిల్లును హెచ్‌ఎస్‌ఏ నుంచి అసలే కట్టకండి. ఎందుకో కింద చెబుతాను.

మీ అనుమానం సహజమే కానీ, అవి రెండు వేర్వేరు పరీక్షలు. సాధారణ పల్స్ ఆక్సీమీటర్‌కు రక్తంలో ఆక్సిజన్ పట్టిన హిమోగ్లోబిన్‌కూ, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌కూ తేడా తెలియదు. మనిషికి విషవాయువు ఎక్కినా అది ఆక్సిజన్ 98 శాతం అనే చూపించవచ్చు. మీ వేలికి పెట్టింది అది కాదు. ఎక్కువ రకాల కాంతి తరంగాలతో ఆ తేడాను పట్టుకునే పరికరం. దాని బిల్లింగ్ కోడ్ 88740. రక్తం తీసి ల్యాబ్‌లో కొలిచినదానికి 82375. అమెరికా ఎమర్జెన్సీ వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వేలి పరికరం ఒక్కదాన్నే నమ్మి రోగ నిర్ధారణ చేయకూడదు. అందుకే రక్తం కూడా తీశారు. ఈ రెండు లైన్ల మీద గొడవపడితే మీకు సమయం వృథా.

గొడవపడాల్సిన చోటు వేరే ఉంది. మీరు పంపిన బిల్లు ఫొటోను పెద్దది చేసి చూశాను. 88740 లైన్లో, ధరకు ముందున్న యూనిట్ల గడిలో 3 అని ఉంది. ఆ రాత్రి నర్సు మూడుసార్లు క్లిప్పు పెట్టి ఉంటుంది, మూడూ లెక్కేశారు. కానీ ఆ కోడ్ నిర్వచనంలోనే ‘రోజుకు’ అని ఉంది. ఒక రోజులో ఎన్నిసార్లు కొలిచినా ఒక్క యూనిట్టే. బిల్లింగ్ ఆఫీసుకు ఫోన్ చేసి, "88740 రోజుకు ఒకసారే కదా, మూడు యూనిట్లు ఎందుకు వేశారు? సరిచేసి ఇన్సూరెన్స్‌కు కరెక్టెడ్ క్లెయిమ్ పంపండి" అని అడగండి. అవతలి వాళ్ల పేరు, తేదీ రాసి పెట్టుకోండి. అదే ఫోన్లో ప్రతి లైనూ కోడ్‌తో సహా ఉండే ఐటమైజ్డ్ బిల్లు కూడా అడగండి. 94760 అనే లైన్ కనిపిస్తే అది మామూలు పల్స్ ఆక్సీమీటర్. చాలా ఇన్సూరెన్స్‌లు దానికి విడిగా ఇవ్వవు, కాబట్టి అదెందుకు మీ మీద పడిందో అడగండి.

తర్వాత రోగ నిర్ధారణ కోడ్. ఇన్సూరెన్స్ వేలి పరీక్షను తిరస్కరిస్తే, క్లెయిమ్‌లో ‘తలనొప్పి’ కోడ్ ఆర్51.9 ఒక్కటే ఉందేమో చూడండి. ఇంటి గ్యాస్ వల్ల ప్రమాదవశాత్తు విషప్రభావం అని డాక్టర్ చార్టులో రాసి ఉంటే టీ58.11ఎక్స్‌ఏ ఉండాలి. చార్టులో లేనిదాన్ని మాత్రం వేయమని అడగకండి, అది తప్పు. హాస్పిటల్ సరిచేయకపోతే, తిరస్కరణ అందిన 180 రోజుల్లోపు అప్పీల్ చేసుకోవచ్చు.

ఈ విషప్రభావం కోడ్ చూసి ఇన్సూరెన్స్ ‘ఇది ప్రమాదమా, ఎవరి వల్ల?’ అని ఫారం పంపవచ్చు. చాలామంది దాన్ని జంక్ మెయిల్ అనుకుని పడేస్తారు, క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. నింపి పంపండి. ఫైర్ డిపార్ట్‌మెంట్ రిపోర్టు కాపీ తెచ్చుకోండి. ఫర్నేస్ బాధ్యత ఇంటి యజమానిదని తేలితే, మీ డిడక్టిబుల్‌ను ఆయన ఇన్సూరెన్స్ నుంచి అడిగే అవకాశం ఉంది.

ఇక చెల్లింపు. సరిచేసిన బిల్లు, ఇన్సూరెన్స్ పంపే ఈఓబీ (వాళ్లు ఎంత ఇచ్చారో, మీ వాటా ఎంతో చెప్పే కాగితం) రెండూ మీ వాటాగా ఒకే మొత్తం చూపించాకే మీ వాటా హెచ్‌ఎస్‌ఏ నుంచి కట్టండి. చాలకపోతే వడ్డీ లేని వాయిదాలు అడగండి, క్రెడిట్ కార్డు జోలికి వెళ్లకండి. అమ్మగారి సంగతి వేరు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు సాధారణంగా పన్ను లెక్కల్లో మీ డిపెండెంట్లు కారు. వాళ్ల వైద్యానికి హెచ్‌ఎస్‌ఏ డబ్బు వాడితే, ఆ మొత్తం మీద ఆదాయపు పన్నుతో పాటు 20 శాతం జరిమానా పడుతుంది. అమ్మ కోసం కట్టిన డబ్బుకు జరిమానా కట్టాల్సి రావడం ఎంత బాధో నా దగ్గరికొచ్చిన కుటుంబాల్లో చూశాను.

ఆవిడ క్లెయిమ్‌ను విజిటర్ ఇన్సూరెన్స్‌కే పంపండి. ‘పాత జబ్బేమో’ అని గుంటూరు డాక్టర్ రికార్డులు అడుగుతారు. వాటితో పాటు ఫైర్ డిపార్ట్‌మెంట్ రిపోర్టు జత చేస్తే, తలనొప్పికి కారణం ఫర్నేస్ అని కాగితం మీదే కనిపిస్తుంది. ఇన్సూరెన్స్ ఇవ్వగా మిగిలినదానికి, ఆ హాస్పిటల్ లాభాపేక్ష లేనిదైతే ఆర్థిక సహాయం దరఖాస్తు అడగండి. మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి 240 రోజుల వరకు వాళ్లు దాన్ని తీసుకోవాలి. ఆ మొదటి బిల్లు మీద ఉన్న తేదీని ఇవాళే క్యాలెండర్‌లో రాసుకోండి.