గుడ్డు వదిలేసి వెళ్లే సముద్రపు పక్షులు

అల్బట్రాస్‌లనే పెద్ద సముద్రపు పక్షులు తిండి దొరక్కపోతే గుడ్డును వదిలేస్తాయని, కొన్నేళ్లు అసలు గుడ్డే పెట్టవని చదివి, "మరి జాతి ఎలా నిలుస్తుంది?" అని ఒకరు అడిగారు. ఆ పక్షులు నిలిచేదే అలా.

నాకిది ముందుగా ఒక రెక్కలో కనిపించింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్లాక విశాఖ జోడుగుళ్లపాలెం ఒడ్డున ఒక సూటీ టెర్న్ కూలబడి ఉంది. నడిసముద్రం పక్షి, మామూలుగా ఒడ్డున కనపడదు. పట్టుకోబోతుంటే వలలు విడదీస్తున్న పెద్దాయన, "గుడ్డ కప్పీమ్మా, బెదరదు" అన్నారు. ఇంటికి తెచ్చి రెక్క విప్పి చూశాను. కొన్ని ఈకలు కొత్తవి, నల్లగా నిగనిగలాడుతున్నాయి. పక్కనే పాతవి గోధుమరంగుకి తిరిగి, కొసలు అరిగిన చీపురులా ఉన్నాయి. రెండో రోజు వదిలితే ఎగిరిపోయింది.

ఆ పాత ఈకలు మార్చుకోవాలంటే తిండి కావాలి, టైం కావాలి. పిల్లను పెంచడానికీ అవే కావాలి. లేసాన్ అల్బట్రాస్‌లో పిల్లను పెంచిన ఏడాదిలో పెద్ద ఈకలు అన్నీ మారవు. అరిగినవి పోగుపడితే ఒక ఏడాది గుడ్డు పెట్టడం మానేసి రెక్క బాగుచేసుకుంటుంది. వేట నిషేధం రెండు నెలలూ మనవాళ్లు పడవ ఒడ్డుకు లాగి మరమ్మతు చేసుకున్నట్టే.

మన పిచ్చుక ఏడాదికి రెండు మూడు విడతలు, విడతకు నాలుగైదు గుడ్లు పెడుతుంది. వచ్చే ఏడు బతికుంటుందన్న నమ్మకం లేదు. సూటీ టెర్న్ ముప్పై ఏళ్లు దాటి బతకగలదు, విడతకు ఒక్కటే గుడ్డు. 1956లో కాలికి రింగు వేసిన 'విజ్‌డమ్' అనే అల్బట్రాస్ 2024 చివర్లో కూడా గుడ్డు పెట్టింది! అంత ఆయుష్షు ఉన్నది ఒక్క గుడ్డు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోదు. ఒక పరిశోధనలో లీచ్స్ స్టార్మ్ పెట్రెల్స్ అనే చిన్న సముద్రపు పక్షుల రెక్క ఈకలు కత్తిరించి ఎగరడం కష్టం చేస్తే, అవి తమ ఒళ్లు కాపాడుకున్నాయి, పిల్లకు తిండి తగ్గించాయి.

దీన్ని కఠినత్వం అనకండి, దయచేసి. నన్ను బాధపెట్టేది వేరే ఉంది. లాంగ్‌లైన్ (చాలా గాలాలు కట్టిన పొడవాటి చేపల తాడు) గాలాలకు చిక్కి చచ్చేవాటిలో గుడ్లు పెట్టే వయసు వచ్చిన పక్షులు చాలా ఉంటాయి. అల్బట్రాస్ జంటలో ఒకటి పోతే రెండోది ఒంటరిగా పిల్లకు తిండి చాలించలేదు, కొత్త జత కుదరడానికి ఏళ్లు పడుతుంది.