పక్కవాళ్ల దస్తావేజులో దొరికిన దివాన్ గారు

జమీందారీలో దివాన్‌గా చేసిన తన ముత్తాతగారి తండ్రి ఆనవాళ్లు భూమి రికార్డుల్లో దొరుకుతాయా అని ఒకరు అడిగారు. దొరుకుతాయి. కాకపోతే ఆయన పేరుతో వెతక్కండి. మా వంశంలోనూ ఒక దివాన్ గారున్నారు, ఆయన కోసం నేను అలాగే మూడేళ్లు పోగొట్టుకున్నాను.

ఆన్‌లైన్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీస్తే 1983కి ముందుది ఏమీ రాదు. రిజిస్ట్రారాఫీసుకి వెళ్తే పాత ఇండెక్సు చెదలు తినేసిందన్నారు, కుర్చీలోంచి లేవకుండానే. 1984లో ఊరి భూమి లెక్కలు రాసే కరణాల్ని తీసేశాక మా ఊరి లెక్కల కట్టలు ఎవరి అటకెక్కాయో దేవుడికే తెలియాలి.

చివరికి దారి చూపించింది పక్క పొలంవాళ్ల ట్రంకుపెట్టె. అందులో వాళ్ల తాతల నాటి 1891 అమ్మకం దస్తావేజు ఉంది. మడతల దగ్గర చిరుగుతోంది. రాతంతా గొలుసుకట్టు, కలం ఎత్తకుండా లాక్కుపోయారు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఎనభై దాటిన మాజీ కరణం గారొకరు కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, కాగితం ముక్కుకి ఆనించుకుని చదివారు. చతుస్సరిహద్దుల దగ్గర ఆగి, "తూర్పు, దివాన్‌జీ గారి మామిడితోట" అన్నారు. పేరు లేదు. ఊళ్లో దివాన్‌జీ అంటే ఇంకెవరని కాబోలు!

తోట ఎక్కడుందో తెలిశాక పని సులువైంది. ఊళ్లోని భూములన్నీ సర్వే నంబర్ల వారీగా రాసిన సెటిల్‌మెంటు రిజిస్టరులో ఆ తోట సర్వే నంబరు ఎదురుగా ఇనాం టి.డి. నంబరు ఉంది. ఇనాం అంటే శిస్తు లేకుండానో తగ్గించో ఇచ్చిన భూమి, టి.డి. అంటే దాని హక్కు పత్రం (టైటిల్ డీడ్). దాన్ని పట్టుకుని ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలుకి దరఖాస్తు పెట్టాను. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో వేసిన ఇనాం కమిషన్ విచారించి రాయించిన పుస్తకం అది. ఇనాం ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ల వయసెంత, మొదటి ఆసామీకి ఏమవుతారు, అన్నీ గళ్లు గీసి రాశారు. మా దివాన్ గారికి అప్పటికి 34 ఏళ్లు. బంధుత్వం గడిలో ఉన్నది: కూతురి కొడుకు.

జమీందారు ఆయన తెలివికి మెచ్చి భూమి రాసిచ్చాడని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నది ఉత్తిదేనన్నమాట. జమీందార్లు కట్టాల్సిన శిస్తుని ఎప్పటికీ మారకుండా ఖాయం చేసిన 1802 శాశ్వత శిస్తు నిర్ణయానికి ముందే ఆయన తల్లి తరఫు తాతకి వచ్చిన ఇనాం అది. ఆ తర్వాత జమీందారు తన భూమిలోంచి ఇచ్చినవి మామూలుగా ఆ రిజిస్టరుకి ఎక్కవు. ఈ మాట చెప్తే మా బాబాయి నెల రోజులు ఫోన్ ఎత్తలేదు. నన్నడిగితే కుటుంబ కథల్లోని దివాన్లలో సగం మంది గుమాస్తాలే. మావాడు నిజంగా దివానే కావడం మా అదృష్టం.

అన్నట్టు, పాత లెక్కల్లో ఫసలీ సంవత్సరాలుంటాయి, అంటే జూలైలో మొదలయ్యే శిస్తు లెక్కల సంవత్సరాలు. మామూలు సంవత్సరం కావాలంటే 590 కలుపుకోండి. ఫసలీ 1300 అంటే 1890 జూలై నుంచి. మా తమ్ముడు అది చూసి కాకతీయుల కాలం అనుకున్నాడు.

ముందు మీ పక్క పొలంవాళ్లని కలవండి. గట్టు తగాదా ఏమైనా ఉంటే అది తేల్చుకుని వెళ్లండి. మాకు వాళ్లింట్లో కాఫీ దాకా రావడానికే రెండు సంక్రాంతులు పట్టింది.