డ్రైవర్ లేని ట్యాక్సీ... నేనొక్కదాన్నే ఎక్కొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటుంది. వచ్చే నెల ఆర్నెల్లు ఉండటానికి వెళ్తున్నాను. తను ఆఫీసుకెళ్లాక నేను గుడికో, షాపుకో వెళ్లాలంటే డ్రైవర్ లేని ట్యాక్సీ ఎక్కమంటోంది. నాకు ఇప్పటినుంచే టెన్షన్. హైదరాబాద్‌లో క్యాబ్ నడిపే మా తమ్ముడేమో 'అవి ఇక్కడికొస్తే మా గతేంటక్కా' అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఎక్కండమ్మా, కాకపోతే మొదటి రెండుసార్లు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని. వేమో అనే కంపెనీ నడిపే డ్రైవర్ లేని కార్లను ఆ ఊళ్లో 2024 జూన్ నుంచి ఎవరైనా పిలుచుకోవచ్చు. కెమెరాలు, రాడార్లు, లేజర్‌తో దూరం కొలిచే లైడార్లు చుట్టూ చూస్తుంటాయి, వాటికి నిద్రమత్తు ఉండదు, తాగి నడపడం ఉండదు. రాత్రిపూట ఒంటరిగా వెళ్లే ఆడపిల్లకు ముందు సీట్లో పరాయి మనిషి లేకపోవడం ఎంత ధైర్యమో మీకు చెప్పక్కర్లేదు.

చిక్కంతా అనుకోనిది జరిగినప్పుడే. 2023 అక్టోబరులో అదే ఊళ్లో, వేరే కారు గుద్దితే ఎగిరి పడ్డ ఒకామె క్రూజ్ అనే కంపెనీ డ్రైవర్ లేని కారు కిందికి వెళ్లింది. ఆ కారు ముందు ఆగింది, కానీ కింద మనిషి ఉన్న సంగతి తెలియక, రోడ్డు పక్కకు తీయాలని మళ్లీ కదిలి ఆమెను దాదాపు 20 అడుగులు ఈడ్చుకెళ్లింది. డ్రైవరుంటే దిగి చూసేవాడు కదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ నెలలోనే కాలిఫోర్నియా రాష్ట్రం క్రూజ్ పర్మిట్ ఆపేసింది, 2024 డిసెంబరులో క్రూజ్ యజమాని అయిన జనరల్ మోటార్స్ ఆ ట్యాక్సీలకు డబ్బు పెట్టడమే మానేసింది.

మీకు రోజూ ఎదురయ్యే ఇబ్బందులు చిన్నవే. సంచులు డిక్కీలో పెట్టేవారు, దిగేటప్పుడు చెయ్యి అందించేవారు ఉండరు, ఒక్కోసారి గుమ్మానికి కాస్త దూరంలో ఆగుతుంది, కాబట్టి మోకాళ్ల నొప్పులుంటే అది చూసుకోండి. ట్యాక్సీ పిలిచే యాప్ మీ ఫోన్‌లోనే పెట్టించుకోండి, ఛార్జింగ్ నిండుగా ఉంచుకోండి. భయమేస్తే తెర మీద సపోర్ట్ బటన్ నొక్కితే కంపెనీ మనిషి మాట్లాడతారు.

ఇక మీ తమ్ముడి సంగతి. అతని భయం ఉత్తదేం కాదు. డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి కాబట్టి ఇలాంటి కార్లను మన దేశంలోకి రానివ్వనని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2023లో చెప్పారు. అయినా ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్ లోపల డ్రైవర్ లేని బస్సు ఇప్పటికే తిరిగింది. రాంగ్ రూట్‌లో వచ్చే బైకుల మధ్య, గీతలే కనపడని మన రోడ్ల మీద ఇది నడవాలంటే ఇంకా చాలా టైమ్ పడుతుందని నా నమ్మకం, కాబట్టి ఇవాళ పని మానేయక్కర్లేదు. ఇప్పుడున్న కారు లోను తీరకముందే రెండో బండికి అప్పు మాత్రం చేయొద్దని గట్టిగా చెప్పండి.