పాఠకుల ప్రశ్నలు: హోప్ ఐలాండ్‌లో పక్షుల ఫొటోలు

ప్రశ్న: డిసెంబరులో కాకినాడ నుంచి పడవలో హోప్ ఐలాండ్‌ వెళ్లాం. నా దగ్గర 150–600 లెన్స్ ఉంది. అయినా పక్షులన్నీ నల్లటి నీడల్లా వచ్చాయి, సగం ఫొటోల్లో పదును లేదు. ఇంకా పెద్ద లెన్స్ కొనాలా? (రాజమహేంద్రవరం పాఠకుడు)

జవాబు: వద్దు, 600 చాలు. లెన్స్ కంటే ముందు పోటు వేళ చూసుకోండి. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, బురద మేటలు బయటపడి ఉల్లంకి పిట్టలు, కర్లూలు, ప్లవర్లు మేతకు దూరదూరంగా చెదిరిపోతాయి. పోటెక్కేకొద్దీ ఆ మేటలు మునిగి, అన్నీ మిగిలిన ఇసుక దిబ్బల మీదికి గుంపుగా చేరతాయి. పోటు నిండడానికి రెండు గంటల ముందే దిగి, దిబ్బకు దూరంగా ఒకచోట కూర్చోండి. నీళ్లే వాటిని మీవైపు తోస్తాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, టైడ్ టేబుల్ (పోటుపాట్ల వేళల పట్టిక) చూసి ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య పోటు నిండే రోజును ఎంచుకోండి.

నల్లగా రావడానికి కారణం దిక్కు. కాకినాడ నుంచి వచ్చే పడవ దీవికి పడమట ఉంటుంది. ఉదయం అక్కణ్నుంచి చూస్తే సూర్యుడికి ఎదురుగా తీస్తున్నట్టే. దిగి సముద్రం వైపు నుంచి చుట్టి వచ్చి, తూర్పును వీపు వెనక ఉంచుకోండి. శీతకాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి కనుక ముఖాలు మీవైపే ఉంటాయి.

ఇక పదును. పడవ ఊగుతుంటే షట్టర్ వేగం సెకనులో 1/2500 వంతుకు తగ్గనివ్వకండి, ట్రైపాడ్ వాడకండి. ఇంజిన్ అదురు నేరుగా కెమెరాకెక్కుతుంది. ఇసుక మీద ఎగిరే టెర్న్‌లకు (సముద్ర పక్షులు) 1/2000, నిలబడ్డవాటికి 1/800, లెన్స్ రంధ్రం (అపర్చర్) ఎఫ్/7.1, కాంతికి స్పందన (ఐఎస్ఓ) ఆటోలో. టెర్న్, గల్ లాంటి తెల్లని పక్షి వెనక ముదురు నీళ్లుంటే ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) 0.7 నుంచి 1 స్టాప్ తగ్గించండి, లేకపోతే ఈకల గీతలు మాయమవుతాయి. ఎండెక్కాక ఇసుక మీద గాలి మరుగుతున్నట్టు కదులుతుంది. దూరపు పక్షి మెత్తబడిపోవడానికి కారణం అదే, ఏ లెన్సూ దాన్ని సరిచేయదు. అప్పుడు దగ్గరివి మాత్రమే తీయండి.

దగ్గరికి పాకేటప్పుడు పక్షుల మెడలు ఒక్కసారిగా నిటారైతే ఆగండి. ఒంటికాలి మీద నిద్రపోయేది రెండో కాలు దించినా ఆగండి. ఆ గుంపులో సైబీరియా నుంచి వచ్చిన గ్రేట్ నాట్ అనే పక్షులు ఉండొచ్చు. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి అది. పోటు వేళే వాటికి విశ్రాంతి. ఫొటో కోసం లేపితే తిన్న తిండి ఎగరడానికే ఖర్చయిపోతుంది.

ప్రశ్న: ఉప్పుగాలికి లెన్స్ పాడవకుండా ఏం చేయాలి? (భీమవరం పాఠకురాలు)

జవాబు: దీవి మీద లెన్స్ మార్చకండి, ఒకే కెమెరా బాడీ, ఒకే లెన్స్‌తో వెళ్లండి. తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దకండి. ఎండిన ఉప్పు గరుకై గాజు పూతను గీస్తుంది. ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదేసి, మంచినీళ్లతో తడిపి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తి తీసి, తర్వాత పొడిది వాడండి. పడవ దిగేటప్పుడు కెమెరా డ్రై బ్యాగ్‌లో, మీరు లైఫ్ జాకెట్‌లో ఉండాలి. ఇసుక మీద లెన్స్ ఆనించడానికి ఖాళీ బీన్‌బ్యాగ్ (చిన్న గుడ్డసంచి), అందులో పోయడానికి రెండు కిలోల బియ్యం తీసుకెళ్లండి. తాగే నీళ్లు మనిషికి మూడు లీటర్లు.

ప్రశ్న: వేసవిలో ఇసుకలో గుడ్లు కనిపిస్తే ఫొటో తీయవచ్చా? (యానాం పాఠకుడు)

జవాబు: తీయకండి. కెంటిష్ ప్లవర్, లిటిల్ టెర్న్ గూడు అంటే ఇసుకలో చిన్న గుంట, అంతే. మీరు అక్కడ నిలబడినంతసేపూ తల్లి రాదు, ఆ ఎండకు గుడ్లు ఉడికిపోతాయి. కాకులు మీ చూపునే కనిపెట్టుకుని ఉంటాయి. ప్లవర్ రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నడిస్తే గూడు మీ కాళ్ల దగ్గరే ఉందని అర్థం; కింద చూసుకుంటూ వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లండి. ఆ చోటు ఫోన్‌లో ఎవరికీ పంపకండి. దీవి కోరింగ అభయారణ్యంలోనిది, అటవీశాఖ అనుమతి లేకుండా దిగకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు.