టూర్ ప్లాన్లు పంచుకునే వెబ్‌సైట్ చేయాలంటే కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరిద్దరూ బీటెక్ మూడో ఏడు, హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ బాగానే వచ్చు, పైథాన్ కొంత తెలుసు అన్నారు. జనం తమ ట్రిప్ ప్లాన్లు పెట్టుకుని ఒకరితో ఒకరు పంచుకునే సైట్ చేయాలి, దానికి ముందు రియాక్ట్ (బ్రౌజర్‌లో పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) నేర్చుకోవాలా అని అడిగారు. నేనూ నా రూమ్మేటూ ఉద్యోగాల్లో చేరిన కొత్తలో ఇలాంటిదే చేశాం కాబట్టి చెబుతున్నా. రియాక్ట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని డేటాబేస్ టేబుళ్లు, అంటే సైట్ సమాచారం దాచే పట్టికలు, గీయండి.

ఎందుకంటే ఇలాంటి సైట్లలో ఎక్కువ భాగం హోమ్‌పేజీ రంగుల దగ్గర మొదలై, ప్లాన్ మొత్తాన్ని ఒక పెద్ద టెక్స్ట్ బాక్స్‌లో రాయించుకోవడం దగ్గర ఆగిపోతాయి. అలా రాసింది చదువుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ చదివినవాడికి కావాల్సింది అది కాదు, ఆ ప్లాన్‌ని తీసుకుని తనకు తగ్గట్టు మార్చుకోవడం.

అరకునే తీసుకోండి. విశాఖ నుంచి పొద్దున్నే రైలెక్కి నేరుగా అరకులో దిగి, గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ చూసుకుని, తిరుగు దారిలో కారులో అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలు చూసేవాళ్లుంటారు. అదే రైల్లో బొర్రా గుహల స్టేషన్‌లోనే దిగిపోయి అక్కడి నుంచి పైకి వెళ్లేవాళ్లూ ఉంటారు. చోట్లు అవే, వరుస వేరు, బండి వేరు. అందుకే ట్రిప్ ఒక టేబుల్, అందులోని ఒక్కో మజిలీ ఇంకో టేబుల్. మజిలీకి రోజు నంబరు, ఆ రోజులో వరుస నంబరు, అక్కడికి ఎలా వెళ్లాలి, ఎంతసేపు ఉండాలి అనే కాలమ్స్ పెట్టండి. వరుస నంబర్లు 10, 20, 30 అని ఇస్తే మధ్యలో కొత్త చోటు ఇరికించడం సులువు.

ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం. మజిలీకి తేదీ పెట్టొద్దు, మొదటి రోజు, రెండో రోజు అనే ఉంచండి. ప్రయాణం మొదలయ్యే తేదీ ట్రిప్ టేబుల్లో ఒక్కచోట ఉంటే చాలు. అప్పుడు ఎవరో డిసెంబర్లో వెళ్లిన ప్లాన్‌ని ఇంకొకరు దసరా సెలవులకు ఒక్క నొక్కుతో కాపీ చేసుకోగలరు. కాపీ అయిన ట్రిప్‌లో అసలు ట్రిప్ నంబరు కూడా దాచుకోండి, మొదట రాసినవాళ్ల పేరు చూపించొచ్చు. మా సైట్లో ఎక్కువ మంది నొక్కింది లైక్ బటన్ కాదు, ఈ కాపీ బటనే.

మ్యాప్‌ని పేజీలో చూపించడానికి లీఫ్‌లెట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ, మ్యాప్ కోసం జనమే కలిసి తయారుచేసిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చాలు, డబ్బు కట్టక్కర్లేదు. మ్యాప్ మూలన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు మాత్రం కనిపించాలి, అది వాళ్ల షరతు. ఊరి పేరు ఇస్తే అక్షాంశ రేఖాంశాలు ఇచ్చే నామినేటిమ్ అనే వాళ్ల సర్వీసుకి సెకనుకు ఒక్క రిక్వెస్ట్‌కి మించి పంపకూడదు, టైప్ చేస్తుంటే అక్షరం అక్షరానికీ వెతికించడం అసలే కుదరదు. వెతుకు అనే బటన్ పెట్టి, వచ్చిన జవాబుని మీ డేటాబేస్‌లో దాచేయండి. లీఫ్‌లెట్ ముందు అక్షాంశం అడుగుతుంది, జియోజేసన్ అనే మ్యాప్ డేటా ఫార్మాట్‌లో ముందు రేఖాంశం ఉంటుంది. ఇవి తారుమారైతే విశాఖపట్నం ఎగిరిపోయి ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది! రెండు చోట్ల మధ్య దూరాన్ని వేగంతో భాగించి ప్రయాణ సమయం లెక్కకట్టే ఆలోచన కూడా మానుకోండి. అరకు 115 కిలోమీటర్లే, కానీ ఘాట్ రోడ్డు మీద మూడు గంటలు దాటిపోతుంది. వెళ్లొచ్చినవాళ్లనే రాయమనండి.

ఇక రియాక్ట్. అది ఇప్పుడే అక్కర్లేదు. మీకు పైథాన్ వచ్చు కాబట్టి జాంగో (పైథాన్‌తో సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) తీసుకోండి. లాగిన్, పాస్‌వర్డ్ భద్రత, అడ్మిన్ పేజీలు అందులోనే ఉన్నాయి, సొంతంగా రాయబోకండి. ఇంకో కారణం వాట్సాప్. మన దగ్గర ట్రిప్ ప్లాన్ తిరిగేది ఫ్యామిలీ గ్రూపుల్లోనే కదా. లింక్ పంపగానే బొమ్మ, పేరు కనబడాలంటే పేజీలో ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు, అంటే ఆ బొమ్మ, పేరు ఏవో చెప్పే హెచ్‌టీఎంఎల్ లైన్లు, సర్వర్ నుంచే రావాలి. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ నడిచాక తయారయ్యే పేజీ అయితే వాట్సాప్‌కి అవేవీ కనబడవు, ఉత్త లింక్ మిగులుతుంది. చాట్, రేటింగ్, ఏఐ సలహాలు లాంటివి ఇప్పుడు ముట్టుకోవద్దు.

ఇద్దరు కాబట్టి కోడ్‌లో ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్ మొదటి రోజు నుంచే వాడండి, పాస్‌వర్డ్‌ల్లాంటి సీక్రెట్ కీలు ఉన్న ఫైల్‌ని మాత్రం గిట్‌హబ్‌కి (కోడ్ ఆన్‌లైన్‌లో ఉంచే సైట్) ఎక్కించకండి.

చివరగా, నోట్స్ అనే బాక్స్ పెడితే జనం అందులో డ్రైవర్ ఫోన్ నంబరు, హోమ్‌స్టే ఓనర్ నంబరు, ఒక్కోసారి టికెట్ పీఎన్ఆర్ కూడా రాసేస్తారు. కాబట్టి నోట్స్ రాసినవాళ్లకు మాత్రమే కనిపించాలి, కాపీ కొట్టినప్పుడు వెంట వెళ్లకూడదు. ఈ రెండూ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో వేరే అకౌంట్‌తో లాగిన్ అయి చూశాకే లింక్ బయటికి ఇవ్వండి.