‘కట్టెడ్’ అంటే పాప నవ్వింది

ప్రశ్న: మల్కాజిగిరిలో చిన్న టైలరింగ్ షాపు నడుపుతున్నాను. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. ఈ మధ్య చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల నుంచి ఇంగ్లిష్ మాట్లాడే వాళ్లు ఎక్కువగా వస్తున్నారు. మొన్న ఒకావిడతో ‘ఐ కట్టెడ్ యువర్ బ్లౌజ్’ అన్నాను. పక్కనున్న వాళ్ల ఎనిమిదేళ్ల పాప కిసుక్కున నవ్వింది. క్రియల మూడు రూపాలుండే వీ వన్, వీ టూ, వీ త్రీ పట్టిక కొని మిషన్ ఎదురుగా గోడకు అంటించుకున్నాను. నెలైంది, ‘బి’ అక్షరం దాటలేదు. ఏదైనా దారి చెప్పండి మేడమ్.
– ఒక సోదరి, మల్కాజిగిరి

జవాబు: ముందు ఆ పట్టిక పీకెయ్యమ్మా. అరైజ్, అవేక్‌లతో మొదలవుతుంది అది. ఆ రెండు మాటలతో నీ షాపులో ఏం పని? నవ్విన పాప సంగతి కూడా వదిలెయ్. ఇంగ్లిష్ ఇంట్లో పుట్టిన పిల్లలు కూడా చిన్నప్పుడు ‘వెంట్’ బదులు ‘గోఎడ్’ అనే అంటారు. జరిగిపోయిన పనికి ‘ఎడ్’ తగిలించాలన్న రూల్ పట్టుకున్నారు కాబట్టే ఆ తప్పు వస్తుంది. నీదీ అదే.

నువ్వు హైదరాబాద్‌లో ఉంటున్నావు, హిందీ వచ్చే ఉంటుంది. ‘జాతా’ అంటావు, నిన్నటి సంగతైతే ‘గయా’ అంటావు. ఎక్కడి జా, ఎక్కడి గ! ఏ పట్టిక చూసి నేర్చుకున్నావు? మన తెలుగు మాత్రం తక్కువ తిందా? వస్తాను, వచ్చాను అంటాం, కానీ ‘రా’, ‘రాను’, ‘రాలేదు’. పొద్దస్తమానం నోట్లో నలిగే మాటలకే ఈ వంకర్లు. ఇంగ్లిష్‌లోనూ బి, హావ్, డూ, గో, కమ్, టేక్ అన్నీ ఈ బాపతే. వీటంత ఎక్కువగా వాడనివి చాలావరకు మెల్లగా దారికొచ్చి ‘ఎడ్’ తగిలించుకున్నాయి. ‘హెల్ప్’కి ఒకప్పుడు ‘హోల్ప్’ అనే రూపం ఉండేది, ఇప్పుడు ‘హెల్ప్‌డ్’ అయింది. ‘వెంట్’ అయితే అసలు ‘గో’ సొత్తే కాదు, ‘వెండ్’ అనే పాత క్రియది. సెండ్–సెంట్, స్పెండ్–స్పెంట్, బెండ్–బెంట్ వరసలో పెట్టి పలికి చూడు, వెండ్–వెంట్ కూడా అక్కడే కూర్చుంటుంది.

నువ్వు చేయాల్సిందీ అదే. అక్షర క్రమం కాదు, చప్పుడును బట్టి వరస కట్టుకో, అదీ నీ పనిలో మాటలతోనే. కట్, పుట్, షట్ ఎప్పటికీ మారవు. నిన్న కట్, ఇవాళ కట్. వేర్–వోర్–వోర్న్ వస్తే టేర్–టోర్–టోర్న్ దానంతటదే వస్తుంది. లైనింగ్ తడపకుండా కుట్టి తిట్లు తినే ఉంటావు. ‘ద లైనింగ్ ష్రాంక్’ అను, ష్రింక్–ష్రాంక్–ష్రంక్ ఇక మరిచిపోవు. దాని వెంట డ్రింక్–డ్రాంక్–డ్రంక్ వస్తుంది. బ్రింగ్–బ్రాట్, బై–బాట్, థింక్–థాట్ ఒక గుంపు. వారానికి ఒక గుంపు చాలు. బ్లౌజ్ మడత పెడుతూ పూర్తి వాక్యం పైకి అనుకో, ఒంటి మాట కాదు.

నా భయం ‘కట్టెడ్’ గురించి కాదు. ‘డిడ్ యూ బ్రాట్ లైనింగ్?’ అంటున్నావేమో, అది చూసుకో. నల్లకుంటలో మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే ఇంజినీరింగ్ పిల్లలు కూడా పట్టిక గడగడా అప్పజెప్పి, నోరు విప్పితే ‘డిడ్ నాట్ వెంట్’ అంటారు. నేనేం తక్కువ కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, ఇన్‌స్పెక్షన్ రోజున బోర్డు మీద ‘హి డిడ్ నాట్ కేమ్’ అని రాసేశాను. వెనక బెంచీ కుర్రాడు లేచి చెప్పేదాకా తెలీలేదు. ‘డిడ్’ వచ్చిందంటే జరిగిపోయిన కాలాన్ని అదే మోస్తుంది, పక్క మాట మామూలుగా ఉండాలి. డిడ్ యూ బ్రింగ్? ఐ డిడ్ నాట్ కట్. పది కొత్త రూపాలు నేర్చుకోవడం కన్నా ఈ ఒక్కటి సరిచేసుకుంటే నీకు లాభం.

కుట్టడానికి సో–సోడ్–సోన్ అంటూ తిప్పలు పడకు. ‘స్టిచ్‌డ్’ అను, బుద్ధిగా ‘ఎడ్’ పెట్టుకునే క్రియ అది. ఇక హ్యాంగర్‌కి తగిలించిన బ్లౌజ్ ‘హంగ్’. ‘హ్యాంగ్‌డ్’ అంటే ఉరి తీశావని అర్థం, ఆ పాప మళ్లీ నవ్వుతుంది.